కుళ్ళని సరకుతో దివాలా: హాబికో పంపిణీ సంస్థ పతనం – నిలవలు, పరపతి లెక్కలు

కురబలకోట: టమోటా వ్యాపారికి నష్టం ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. మదనపల్లె మండీలో పాట పాడి కొన్న క్రేట్లు రెండు రోజులు కదలకపోతే ఇక ధర ఎంతో ఎవరినీ అడగనక్కరలేదు, ముక్కే చెబుతుంది. 2023 జూలై నెలాఖరున మొదటి రకం కిలో 200 రూపాయల దరిదాపులకు పోయిన కాయ, సెప్టెంబరు నాటికి అందులో పదోవంతుకు దిగజారినది. లాభం వచ్చినవారికి వచ్చినది, పోయినవారికి పోయినది. కాని లెక్క ఏ రోజుది ఆ రోజే తేలిపోయినది. ఎవరూ తమను తాము మోసపుచ్చుకొనే అవకాశం లేదు.

ఇందుకు పూర్తిగా భిన్నమైన సరకు ప్లాస్టిక్ నమూనా కిట్లు. విమానాలు, యుద్ధ నౌకలు, మోటారు కార్లు, రాకెట్లు – వీటి చిన్న ప్రతిరూపాలను విడి భాగాలుగా పోతపోసి, అట్టపెట్టెలో పెట్టి అమ్ముతారు. కొన్నవారు ఇంటివద్ద కూర్చుని జిగురుతో అతికించి, రంగులు వేసుకొని ఆనందిస్తారు. దీనికి తోడు రిమోట్ కంట్రోలుతో నడిచే కార్లు, విమానాలు, వాటి మోటార్లు, బ్యాటరీలు. ఈ పెట్టె కుళ్ళదు, ఎలుక కొట్టదు, తూకం తగ్గదు. పదేళ్ళు గోదాములో ఉన్నా లోపలి విమానం అదే విమానం. ఇటువంటి సరకు పట్టిన వ్యాపారికి భయమేమిటని ఎవరైనా అనుకొంటారు. అయినా ఈ రంగంలో అమెరికాలోని అతి పెద్ద సంస్థలలో ఒకటైన హాబికో 2018 జనవరి 10న డెలావేర్ రాష్ట్రంలోని దివాలా కోర్టు మెట్లు ఎక్కినది.

మన ప్రాంతపు వర్తకులకు ఆ పెట్టెలతో పని తక్కువే. అంగళ్ళు దగ్గరి ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుల కోసం బెంగుళూరు నుండి తెప్పించుకొనే మోటార్లు, ప్రొపెల్లర్లు మినహా ఈ సరకు ఇటు కనుపించదు. కాని మదనపల్లె, పుంగనూరు, కుప్పం బజార్లలో మోటారు పంపుల విడిభాగాలు, ఎలక్ట్రికల్ సామాను, ఫ్యాన్సీ సరకు, స్టేషనరీ, రెడీమేడ్ దుస్తులు వేసే టోకు వర్తకులందరిదీ ఇదే తరగతి వ్యాపారం. బెంగుళూరు, చెన్నపట్నం నుండి అరువుకు సరకు దింపడం, చిల్లర దుకాణాలకు అరువుకు వేయడం, మధ్యలో బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు. వీరి సరకూ కుళ్ళదు. చిక్కంతా అక్కడనే ఉన్నది.

ఒకే కప్పు కింద నాలుగు వ్యాపారాలు

హాబికో కేంద్ర కార్యాలయం ఇల్లినాయ్ రాష్ట్రంలోని షాంపేన్ పట్టణంలో ఉండేది. ఇది ఉద్యోగుల యాజమాన్యంలోని సంస్థ. అంటే వాటాలు ఉద్యోగుల ట్రస్టు పేర ఉండి, పదవీ విరమణ నాటికి వారికి పనికివచ్చే ఏర్పాటు. గ్రేట్ ప్లేన్స్ అనే విభాగం దేశమంతటా హాబీ దుకాణాలకు టోకున సరకు వేసేది. టవర్ హాబీస్ అనే మరో విభాగం తపాలా ద్వారా, ఆ తరువాత ఇంటర్నెట్ ద్వారా వాడుకదారులకు నేరుగా అమ్మేది. చదువరులు ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసి ఉన్నది. తనకు సరకు వేసే టోకు వర్తకుడే తన వీధి మొగలో చిల్లర దుకాణం కూడ తెరిస్తే మన బజారులో ఏ వ్యాపారి ఊరుకొంటాడు? తపాలా రోజులలో ఇది అంతగా నొప్పి పుట్టించలేదు. కేటలాగు చూసి ఆర్డరు పంపి వారం రోజులు ఎదురు చూసేవాడు ఒక రకం గిరాకీ, దుకాణానికి వచ్చి పెట్టె తిప్పి చూసేవాడు మరొక రకం. ఇంటర్నెట్ వచ్చాక రెండు గిరాకీలూ ఒకటైపోయినవి. ధరలు అందరికీ ఒకేచోట కానవచ్చినవి.

మూడవది, తయారీ. 2007లో హాబికో పేరుపొందిన రెవెల్–మోనోగ్రామ్ కంపెనీని కొన్నది. 2010లో నమూనా రాకెట్లు చేసే ఎస్టెస్‌ను, 2012లో జర్మనీలోని రెవెల్‌ను చేర్చుకొన్నది. రిమోట్ కార్లు చేసే యాక్సియల్ కూడ దాని గూటికే చేరినది. పంపిణీదారు తయారీదారు కావడంలో తప్పులేదు, లాభం రెండు చోట్లా మిగులుతుంది. అయితే కిట్ల తయారీకి మూలం ఉక్కు అచ్చులు. ఒక కొత్త విమానానికి అచ్చు చెక్కించాలంటే సరకు ఒక్కటి కూడ అమ్మకముందే పెద్ద మొత్తం పెట్టాలి. ఆ డబ్బు అయిదేళ్ళకో పదేళ్ళకో చిల్లరగా తిరిగి వస్తుంది. పంపిణీ వ్యాపారమేమో నెలనెలా రొక్కం కోరుతుంది. పంట కాలువకు కట్టిన మోటారును చెరువు నింపడానికి పెట్టినట్లుంటుంది.

నాలుగవది, డ్రోన్ల మోజు. 2013లో చైనాలోని షెన్‌జెన్ నుండి డీజేఐ కంపెనీ 'ఫాంటమ్' అనే డ్రోన్‌ను దింపినది. పెట్టె విప్పి, బ్యాటరీ పెట్టి, ఎగరేయడమే. అతికించే పని లేదు, నేర్చుకొనే పని తక్కువ. గిరాకీ ఒక్కసారిగా ఎగిసినది. హాబీ పంపిణీదారులంతా సరకు దింపినారు. తయారీదారు ఏడాది తిరగకుండా కొత్త మోడల్ విడుదల చేయడం, పాత మోడల్ ధర కోసివేయడం మొదలైనది. 2015 డిసెంబరు 21 నుండి అమెరికా విమానయాన శాఖ హాబీ డ్రోన్లకు కూడ రిజిస్ట్రేషను తప్పనిసరి చేసినది. అమెరికాలోనే పేరుమోసిన త్రీడీ రోబోటిక్స్ అనే తయారీ సంస్థ 2016లో ఈ పోటీకి తట్టుకోలేక డ్రోన్ల తయారీ నుండి తప్పుకొన్నది. డ్రోన్ కూడ కుళ్ళని సరకే. కాని ఆరు నెలల పాత డ్రోన్ ధర, రెండు రోజుల టమోటా ధర ఒక తీరుగనే పడిపోతాయి. తేడా ఒక్కటే. టమోటా వాసన వస్తుంది, డ్రోన్ పుస్తకంలో కొన్న ధరకే కూర్చుని ఉంటుంది.

పుస్తకంలో ధర, బజారులో ధర

బి.కాం. మొదటి సంవత్సరంలోనే చెప్పే సూత్రం ఒకటి ఉన్నది. నిలవ సరకును కొన్న ధర, బజారు ధర – రెండింటిలో ఏది తక్కువైతే దానికే లెక్క కట్టాలి. పరీక్షలో అందరూ సరిగానే వ్రాస్తారు, ఈ విలేఖరి కూడ వ్రాసినాడు. దుకాణంలో మాత్రం మార్చి 31న నిలవ పట్టీ వ్రాసేటప్పుడు చాలామంది కొన్న ధరనే వేస్తారు. ఎందుకంటే బజారు ధర వేస్తే నష్టం కానవస్తుంది, నష్టం కానవస్తే బ్యాంకు అరువు తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో లెక్క కట్టి చూద్దాం. ఒక టోకు వర్తకుని వద్ద కోటి రూపాయల సరకు ఉన్నదనుకొందాం. సరకు వేసినవారికి ఇవ్వవలసిన బాకీ 20 లక్షలు. బ్యాంకు ముందుగా ఆ 20 లక్షలు తీసివేస్తుంది, 80 లక్షలు మిగులుతుంది. దానిపై 25 శాతం మార్జిన్ పట్టుకొంటుంది. కనుక వర్తకుడు వాడుకోగల మొత్తం 60 లక్షలు. దీనినే బ్యాంకువారు డ్రాయింగ్ పవర్ అంటారు. ఒకరోజు బ్యాంకు తనిఖీదారు వచ్చి, సరకులో సగం ఆరు నెలలకు పైబడి కదలలేదు, దానిని లెక్కలోకి తీసుకోము అన్నాడనుకొందాం. సరకు 50 లక్షలయినది. బాకీ మాత్రం 20 లక్షలు అట్లాగే ఉన్నది. మిగిలినది 30 లక్షలు. మార్జిన్ పోగా 22 లక్షల 50 వేలు. నిన్నటిదాకా 60 లక్షలు వాడుకొన్న మనిషి ఇవాళ 37 లక్షల 50 వేలు తిరిగి కట్టవలసి వస్తుంది. గోదాములో ఒక్క పెట్టె తగ్గలేదు, ఒక్క రూపాయి దొంగ ఎత్తుకుపోలేదు. తనిఖీదారు పెన్నుతో కొట్టివేసిన గీత ఒక్కటే ఆ మార్పుకు కారణం.

మరి సరకు ఆరు నెలలు నిలిచిపోతే లాభం ఏమవుతుంది? 100 రూపాయలకు కొని 120కి అమ్మే సరకు. లారీ బాడుగ, గుమాస్తా జీతం, తిరుగుడు ఖర్చులు 8 పోగా మిగిలేది 12. ఏడాదికి నూటికి 12 వడ్డీ అంటే నెలకు రూపాయి. గోదాము అద్దె, బీమా కలిపి అర్ధరూపాయి. నెలకు రూపాయిన్నర తింటూపోతే ఎనిమిది నెలలకు 12 రూపాయలూ అయిపోతాయి. తొమ్మిదవ నెల నుండి ఆ పెట్టె యజమాని జేబులో చేయి పెడుతుంది. అమ్మినప్పుడు మాత్రం 120 వచ్చిందనే సంతోషం ఉంటుంది.

కిట్ల వ్యాపారంలో ఈ దోషం మరీ ఎక్కువ. రకాలు వేలకొద్దీ ఉంటాయి. హాబీ మనుషులు పట్టుదల కలవారు, ఫలానా విమానం ఫలానా కొలతలోనే కావాలంటారు. అది లేకపోతే మరొకటి తీసుకోరు. కనుక పంపిణీదారు అన్ని రకాలూ నిలవ పెట్టాలి. అన్నిటిలో వేగంగా కదిలేవి కొన్నే. వేగంగా కదిలే రకం ఏదో దానిని తయారీదారు ఏనాడైనా పంపిణీదారు చేతినుండి తీసుకొని నేరుగా అమ్ముకోవచ్చు. కదలని రకాలు మాత్రం పంపిణీదారుకే మిగులుతాయి. ఏజెన్సీ మీద బ్రతికే ఏ వర్తకునికైనా ఇది తెలియని సంగతి కాదు.

బ్రిటన్‌లో మూడు పాఠాలు

హాబికోది ఈ రంగంలో మొదటి దివాలా కాదు. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ అంటే మూడు తరాల పిల్లలకు తెలుసు. ఆ పేరు గల సంస్థ 1981 జనవరిలో కూలినది. చిత్రమేమంటే కిట్ల వ్యాపారం కన్న, అది చేర్చుకొన్న మెకానో సంస్థ నష్టాలే దానిని ఎక్కువ ముంచినవి. లివర్‌పూల్‌లోని మెకానో ఫ్యాక్టరీని 1979 నవంబరులో మూసివేసినా అప్పటికే ఆలస్యమయినది. జనరల్ మిల్స్ అనే అమెరికా కంపెనీ తన పాలిటాయ్ విభాగం ద్వారా ఎయిర్‌ఫిక్స్‌ను కొన్నది. 1986లో అది హంబ్రోల్ రంగుల వ్యాపారంతో కలిసినది.

2006 ఆగస్టు 31న హంబ్రోల్ వంతు వచ్చినది. ఈసారి కారణం మరొకటి. ఎయిర్‌ఫిక్స్ అచ్చులు ఫ్రాన్సులోని ట్రన్ అనే ఊరిలో, హెల్లర్ సంస్థ ఫ్యాక్టరీలో ఉండేవి. పోత పని అక్కడ. హెల్లర్ ముందుగా దివాలా పరిస్థితిలో పడినది. అచ్చులు వీరివే అయినా పరాయి ఫ్యాక్టరీలో చిక్కుకొన్నవి. సరకు రాలేదు, రొక్కం ఆడలేదు. ఆ నవంబరులో బొమ్మ రైళ్ళ కంపెనీ హార్న్‌బీ 26 లక్షల పౌనులకు ఎయిర్‌ఫిక్స్, హంబ్రోల్ పేర్లను చేజిక్కించుకొన్నది. అర్ధశతాబ్దం కీర్తి గల రెండు పేర్లకు అది పెద్ద మొత్తం కాదు. మన చింతపండు, మిర్చి వర్తకులు శీతల గోదాములో సరకు పెట్టినప్పుడు రశీదు ఎవరి పేర ఉన్నదో, ఆ గోదాము బ్యాంకుకు తాకట్టులో ఉన్నదో లేదో చూసుకొంటారు. అచ్చుల విషయంలోనూ ఆ జాగ్రత్తే కావలసి వచ్చినది.

హార్న్‌బీ కూడ సుఖపడలేదు. 2016 ఫిబ్రవరిలో భారీ నష్టం రాబోతున్నదని ప్రకటించగానే వాటా ధర సగానికి పైగా పడిపోయినది. నిలవలు వదిలించుకొనేందుకు అది ఇచ్చిన తగ్గింపు ధరలు దుకాణదారులను దెబ్బతీసినవి. ముందుగా పూర్తి ధరకు సరకు దింపుకొన్న చిల్లర వర్తకుడు, పక్కనే కంపెనీవారు సగం ధరకు అమ్మడం చూసి మరోసారి ఆర్డరు పెట్టడు. 2017లో యాజమాన్యం మారిన తరువాత వచ్చిన నిర్వాహకులు మొట్టమొదట ఆపినది ఈ తగ్గింపులనే. మనకు సంబంధించిన సంగతి ఒకటి – చైనా ఫ్యాక్టరీల నుండి సరకు ఆలస్యమవుతున్నదని హార్న్‌బీ 2010ల దశకంలో ఎయిర్‌ఫిక్స్ కిట్ల పోత పనిని చాలావరకు భారతదేశానికి మార్చినది. లండన్ దుకాణంలో స్పిట్‌ఫైర్ విమానం పెట్టె మీద 'మేడ్ ఇన్ ఇండియా' అని కానవస్తుంది.

మన దేశంలో దిగుమతిదారుల చిక్కు వేరు. నమూనా కిట్లు కస్టమ్స్ పట్టికలో ఆటబొమ్మల శీర్షిక, 9503 కిందనే వస్తాయి. ఆ శీర్షికకు సుంకం 2020 ఫిబ్రవరిలో 20 శాతం నుండి 60 శాతానికి, 2023 బడ్జెటులో 70 శాతానికి పెరిగినది. ఇతర పన్నులు వదిలివేసినా 1,000 రూపాయల పెట్టె రేవు దాటేసరికి 1,700 అయినది. 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయినది. ఏటా పది పెట్టెలు అమ్ముడయ్యే రకానికి పరీక్షలు, లైసెన్సు ఎవరు తెచ్చుకొంటారు?

ఐ.పి. కాదు

మన పేటల్లో ఎవరైనా చేతులెత్తేస్తే 'ఐ.పి. పెట్టినాడు' అంటారు. 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద వేసే పిటిషన్‌కు అది పొట్టి పేరు. హాబికో వేసినది అటువంటిది కాదు. అమెరికా చట్టంలో పదకొండవ అధ్యాయం కింద సంస్థ తలుపులు మూయనక్కరలేదు. పాత యాజమాన్యమే నడుపుతుంది, అప్పులవారు మీద పడకుండ కోర్టు అడ్డు నిలుస్తుంది. ఈలోగా కోర్టు అనుమతితో వ్యాపారాన్ని ముక్కలుగానో మొత్తంగానో అమ్మవచ్చు. కొన్నవాడు పేరును, అచ్చులను, సరకును కొంటాడు. పాత బాకీలను కొనడు. హాబికో విషయంలో అదే జరిగినది. 2018లో రిమోట్ కార్లు, విమానాల వ్యాపారాన్నీ, టవర్ హాబీస్ పేరునూ హొరైజన్ హాబీ కొన్నది. అదే షాంపేన్ పట్టణంలోని ఆగర్భ పోటీదారు! రెవెల్‌ను మ్యూనిక్ నగరపు క్వాంటమ్ కాపిటల్ పార్ట్‌నర్స్ తీసుకొన్నది. ఎస్టెస్ రాకెట్లు విమాన ఇంజనీరు జాన్ లాంగ్‌ఫర్డ్ కుటుంబానికి పోయినవి. పిల్లలకు కిట్లు దొరుకుతూనే ఉన్నవి.

వచ్చిన డబ్బు పంచేటప్పుడు వరుస ఉంటుంది. తాకట్టు పెట్టుకొన్న బ్యాంకులు ముందు. తాకట్టు లేకుండ సరకు వేసినవారు చాల వెనుక. వాటాదారులు అందరికన్న చివర. ఇక్కడ వాటాదారులు ఎవరు? గోదాములో పెట్టెలు మోసి, ఆర్డర్లు వ్రాసిన ఉద్యోగులే. జీతమూ, వృద్ధాప్యపు పొదుపూ ఒకే గంపలో పెట్టుకొన్నవారు. ఉద్యోగుల యాజమాన్యం గురించి గొప్పగా చెప్పేవారు ఈ వరుసను కూడ చెప్పవలసి ఉన్నది.

సరకు వేసినవారికి అమెరికా చట్టంలో ఒక చిన్న ఊరట ఉన్నది. పిటిషన్‌కు ముందు 20 రోజులలో చేరిన సరకు ధరకు ముందు వరుసలో చోటు ఇస్తారు. దానికి ఎదురు దెబ్బ కూడ ఉన్నది. పిటిషన్‌కు ముందు 90 రోజులలో ఎవరికైనా అసాధారణంగా బాకీ తీర్చివుంటే ఆ సొమ్మును వెనక్కు రాబట్టవచ్చు. గట్టిగా అడిగి వసూలు చేసుకొన్నామని సంబరపడినవాడు మళ్ళీ కట్టవలసి రావచ్చు.

మన చట్టం ఏమంటున్నది

2016 నాటి దివాలా స్మృతిలో, అనగా ఐ.బి.సి.లో, కంపెనీని మూసివేసి ఆస్తులు అమ్మినప్పుడు పంపకపు వరుస 53వ సెక్షన్‌లో ఉన్నది. ప్రక్రియ ఖర్చులు, పనివారి 24 నెలల బకాయిలు, తాకట్టు అప్పులు, ఇతర ఉద్యోగుల 12 నెలల జీతాలు, తాకట్టు లేని ఆర్థిక అప్పులు, ప్రభుత్వ బకాయిలు – ఇవన్నీ పోయాక సరకు వేసినవారి వంతు. వసూలుకాని బాకీతో కంపెనీని ట్రిబ్యునలుకు లాగాలంటే 2020 మార్చి 24 వరకు లక్ష రూపాయల బాకీ చాలేది, ఆనాడు దానిని కోటికి పెంచినారు. మన ప్రాంతంలో ఒకే కంపెనీ వద్ద కోటి రూపాయలు చిక్కుకొన్న వర్తకులు ఎందరుంటారు? మిగిలినవారికి సివిలు దావా, చెక్కు తిరిగి వస్తే 138వ సెక్షన్.

చిన్న తయారీదారులకు 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం రక్షణ ఉన్నది. ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటరాదు, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. 2021 జూలై 2 ఉత్తర్వుతో టోకు, చిల్లర వర్తకులను కూడ ఉద్యం రిజిస్ట్రేషనులో చేర్చినప్పుడు తమకూ ఈ 45 రోజుల రక్షణ వచ్చినదని పలువురు వర్తకులు భావించినారు. అది పొరపాటు. ఆ ఉత్తర్వు వర్తకులకు ఇచ్చినది ప్రాధాన్య రంగపు బ్యాంకు రుణాల సదుపాయం మాత్రమే. నిమ్మనపల్లెలో చెక్క సామాను చేసి అమ్మేవానికి ఉన్న హక్కు, అదే సామాను కొని మదనపల్లెలో టోకున అమ్మేవానికి లేదు.

వర్తకుని చేతిలో పాతకాలపు ఆయుధం ఒకటి ఇంకా ఉన్నది. 1930 నాటి సరకుల విక్రయ చట్టం 50వ సెక్షన్ ప్రకారం, కొన్నవాడు దివాలా స్థితిలో ఉన్నాడని తెలిసినప్పుడు, డబ్బు ముట్టని అమ్మకందారు దారిలో ఉన్న సరకును ఆపించి వెనక్కు తీసుకోవచ్చు. లారీ ఆఫీసుకు నోటీసు ఇస్తే చాలు. కాని సరకు కొన్నవాని గోదాములో దిగిన మరుక్షణం ఆ హక్కు పోతుంది. ములకలచెరువు దగ్గర లారీ ఉండగా అందిన కబురుకు విలువ ఉన్నది, అన్‌లోడింగ్ అయిన తరువాత అందిన కబురు కోర్టు కాగితాలలో ఒక పేరుగా మిగులుతుంది.